హద్దు దాటిన మట్టిమందు

దుబోకి సుర్దుక్ గ్రామం,
అక్టోబరు, సోమవారం.

మునిసిపల్ నిర్మాణాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

సదరు గ్రామ కాపురస్థుడు, ద్రాక్షతోట రైతు వితోమిర్ ప్రోలిచ్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కొండమీద విడిది ఇళ్ళ కోసం తవ్విన గట్టు వానకు కొట్టుకుపోకుండా రసాయన మందు చల్లుటలో జరిగిన పక్షపాతము, నా పొరుగువాడు జార్కో లాలిచ్ వైపు గట్టు నిలుచుట, నా వైపు గట్టు కారుట, మరియు సదరు మందు నా హద్దులోనికి అక్రమముగా చొరబడుట గురించి.

పై విషయమై తమకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

మా ఊరి కొండ కొసన కట్టడంవారు విడిది ఇళ్ళు కడుతున్న సంగతి తమకు తెలుసు. అనుమతి ఇచ్చింది తమరే. ఆ ఇళ్ళకు బాట వేయడానికి వాళ్ళు కొండ నడుమును కోశారు. కోసిన గట్టు సగం మా పెరడు మీద ఉంది, సగం జార్కో పెరడు మీద ఉంది. మా మట్టి సంగతి తమకు చెప్పనక్కర్లేదు. పొడిగా ఉన్నంతసేపు గోడలా నిలబడుతుంది, తడిస్తే పాలలా కారిపోతుంది. ఇదివరకు దాన్ని గడ్డి, అడవి గులాబీ పొదలు పట్టుకుని ఉండేవి. ఇప్పుడు ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబెట్టారు. ఆ గట్టు అడుగునే, కొండను తొలిచి చేసిన నా వైన్ కొట్టు ఉంది. ఈ ఏటి వైన్ అంతా దాంట్లోనే, పీపాల్లో పులిసి పొంగుతూ ఉంది. పొంగే వైన్‌ను కదిలిస్తే పాడవుతుంది, కదిలించకపోతే మట్టి కింద పోతుంది. నా బాధ ఇదీ.

తమ కచేరీ కిటికీ దగ్గర కూర్చునే కోసర గారు, ఫిర్యాదులకు వరుస అంకెలు వేసి రాయమని, అంకెలు లేకపోతే సారు చదవరని సెలవిచ్చినందున ఈ దిగువ అంకెలు వేయడమైనది.

1. ఆగస్టు రెండో తేదీ పునీత ఇలియా పండుగ. ఆ రోజు నేలను ముట్టుకోకూడదు. పార, గొడ్డలి, కొడవలి ఏదీ చేతపట్టకూడదు. పట్టినవాడి మీద ఇలియా పిడుగు వేస్తాడు. ఇది తమకు తెలియనిది కాదు, తమ నాన్నగారిది మా పక్క ఊరే. పైగా ఇలియా మా ఇంటి పునీతుడు. అంటే ఊరందరికీ అది పనులు మానుకునే రోజు, మా ఇంటికి మాత్రం స్లావ, అనగా ఇంటి పునీతుణ్ణి కొలిచే పండుగ రోజు. సరిగ్గా ఆ పొద్దున, నేను పునీతుడి పటం ముందు కొవ్వొత్తి వెలిగించబోతుండగా, కట్టడంవారి ఇంజనీరమ్మ నెవెన రబ్బరు బూట్లతో వచ్చి గడపలో నిలబడింది.

"వితో బాబాయ్, ఇవాళ ఎండ బాగుంది. ట్యాంకరు ఇవాళొక్కరోజే మా చేతిలో ఉంటుంది. వాన రాకముందు మందు కొట్టి ఆరనిస్తే మట్టి గట్టిగా పట్టుకుంటుంది. రెండు గట్లూ కలిపి కొట్టేద్దాం" అంది.

ఇవాళ ఇలియా, నేలను ముట్టుకోకూడదు అన్నాను. తవ్వడం లేదు బాబాయ్, పైన చల్లుతామంతే, అంది. చల్లినా నేలే కదా అన్నాను. ఆ పిల్ల పాపం చాలాసేపు చెప్పింది. గడ్డి గింజలు, నలగ్గొట్టిన చెక్కపీచు, జిగురులాంటి మందు నీళ్ళలో కలుపుతారట. ఎక్కడ పడిందో తెలియడానికి ఆకుపచ్చ రంగు వేస్తారట. నేను వినలేదు. చివరికి ఒక కాగితం ఇస్తే దాని మీద 'వద్దు' అని రాసి, సంతకం చేసి, కింద గీత కూడా గీశాను. ధర్మం తెలిసినవాడెవడైనా అదే చేస్తాడు.

జార్కో ఏం చేశాడో వినండి. అతను పూర్వం దునావ్ నది మీద సరుకు పడవ నడిపినవాడు. బనియనుతో బయటికి వచ్చి ఇలా అన్నాడు: "ఇలియా వితోగాడి పునీతుడమ్మా. నా పునీతుడు నికోలా, పడవలవాడు, నీళ్ళవాడు. ఇది నీళ్ళ పనే కదా. కొట్టండి."

నేను పాపానికి భయపడ్డాను. అతను భయపడలేదు. ఫలితంగా అతని గట్టు నిలిచింది, నా గట్టు కారుతోంది. ఇది ఏ నిబంధన ప్రకారం న్యాయమో తమరే సెలవియ్యవలెను.

2. స్లావ పండక్కి ఎవరినీ పిలవరని తమకు తెలుసు. గుర్తున్నవాడు వస్తాడు, అభిమానం ఉన్నవాడు వస్తాడు. తమరు మునుపు ఒకసారి వచ్చి, నా భార్య స్మిల్య చేసిన గోధుమ ప్రసాదం మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఈ ఏడు రాలేదు. ఇది ఫిర్యాదు కాదు, నమోదు మాత్రమే.

ఆ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు. కొవ్వొత్తి కొండెక్కేదాకా నిలబడి వచ్చినవాళ్ళకు వడ్డించాలి, ఇల్లు వదిలి పోకూడదు. నేను నిలబడ్డాను. రొట్టె కోశాం, పాదిరిగారు దీవించారు, కాల్చిన గొర్రెమాంసం బల్లమీదికి వచ్చింది. అప్పుడు పక్కింట్లో ట్యాంకరు మోత మొదలైంది. ముందు మా బావమరిది లేచాడు, ఏమిటో చూసొస్తానని. అతని వెనక ఇద్దరు. వాళ్ళ వెనక పాదిరిగారే. కాసేపటికి నా అతిథులంతా నా రకియా సారా గ్లాసులు పట్టుకుని జార్కో కంచె దగ్గర నిలబడి ఉన్నారు. తాగేది నాది, చూసేది అతనిది. యజమాని అతిథుల్ని వదిలి పోకూడదని ఆచారం ఉంది గానీ, అతిథులే యజమానిని వదిలి పోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేను, కొవ్వొత్తి, గొర్రె మిగిలాం.

స్మిల్య కూడా పోయింది. పనివాళ్ళు ఆకలితో ఉంటారని పళ్ళెం నిండా మాంసం పట్టుకుపోయింది. తిరిగొచ్చి, గట్టంతా ఈస్టరు గుడ్డులా ఎంత ముచ్చటగా ఉందో అంది. పెళ్ళయిన నాటి నుంచి నాకు సంబంధించిన ఏ వస్తువునూ ఆవిడ ముచ్చటగా ఉందనలేదు. ఇది తమ శాఖ పరిధిలోకి రాదు గనక ఇక్కడితో ఆపుతున్నాను.

ఇక్కడ ఒక సంగతి దాచడం అధికారిని మోసం చేయడమే అవుతుంది గనక చెబుతున్నాను. జార్కో నాకు కూమ్. మా పెళ్ళిలో సాక్షిగా నా పక్కన నిలబడ్డాడు, మా అమ్మాయికి జ్ఞానస్నానం రోజున పేరు పెట్టాడు. కూమ్ మీద అర్జీ పెట్టినవాడికి పుట్టగతులుండవని మా ఊళ్ళో అంటారు. ఈ అర్జీ కూమ్ మీద కాదు, పొరుగువాడి మీద. ఇద్దరూ ఒకే చొక్కాలో ఉండటం నా తప్పు కాదు.

3. ఇది ముఖ్యమైన ఫిర్యాదు. ఆ మధ్యాహ్నం నేను కొవ్వొత్తి పక్కనుంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గొట్టం పట్టుకున్నది పనివాడు కాదు, జార్కో. పనివాడి చేతిలోంచి తీసుకున్నాడు. తన గట్టంతా కొట్టడం అయిపోయాక, హద్దుగా ఉన్న రేగుపొద దాటించి, నా గట్టు మీదికి కూడా తిప్పాడు. సరిగ్గా నా కొట్టు తలుపు పైన, ఒక బండి వెడల్పున, పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ పూశాడు. గొట్టం పట్టుకుని వెనక్కి వంగి, మునివేళ్ళ మీద లేచి మరీ కొట్టాడు. అందరూ నవ్వారు. నా స్లావ రోజున, నా నేల మీద, నా అతిథుల ముందు. నేను గడప దాటి పోలేనని తెలిసే చేశాడు.

సాయంత్రం మోచేతుల దాకా ఆకుపచ్చగా మా ఇంటికి వచ్చి, పటానికి దణ్ణం పెట్టి, గ్లాసు అందుకున్నాడు. నా హద్దులోకి ఎందుకు కొట్టావని అడిగాను.

"గాలికి పోయింది కూమే" అన్నాడు.

ఆ రోజు గాలి లేదు. అందుకు కొవ్వొత్తి సాక్షి.

అప్పటి నుంచి ఆ చారికను చూడకుండా నేను నా కొట్టులోకి పోలేకపోతున్నాను. సెప్టెంబరు వానలకు దాంట్లో గడ్డి కూడా మొలిచింది. నా బోడి గట్టు నడుమ అదొక్కటే మొలక. కొత్త చొక్కా అడిగినవాడికి చినుగు మీద అతుకు వేసి పంపినట్టుంది. అది నాకు చేసిన అవమానమని రుజువు చూపడానికి, తలుపు ఎడమ మూల పైన దాన్ని కొంత పారతో గీకి తీశాను. అట్టులా ఒకే ముక్కగా, వేళ్ళతో సహా లేచి వచ్చింది. ఆ మట్టిని సీసాలో పెట్టి ఈ అర్జీకి జత చేయడమైనది.

4. నా కోళ్ళు సదరు గట్టు మీద తడి ఆరకముందే తిరిగి, కాళ్ళు ఆకుపచ్చ చేసుకుని వచ్చాయి. గుడ్ల రంగు మారలేదు, న్యాయంగా చెప్పాలి. కానీ ఊళ్ళోవాళ్ళు వాటిని జార్కో కోళ్ళు అంటున్నారు. మేత వేసేది నేను.

5. ఈ అంశం తమ పరిధిలోది కాదని తెలుసు, అయినా అంకె వేశాను గనక రాస్తున్నాను. ఇలియా నాడు పని చేసినవాడి మీద పిడుగు పడుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆగస్టంతా ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాను. నేనేదో కోరుకున్నానని కాదు. పొరుగువాడి ఆవు చచ్చిపోతే చాలుననే మాట ఒకటి మా వాళ్ళలో ఉంది. నేను అలాంటివాణ్ణి కాను, పైగా జార్కోకి ఆవు లేదు. నెలాఖరున మబ్బు పట్టింది. ఉరుములు అతని గట్టు మీదుగానే వచ్చాయి. నేను టోపీ తీసి వాకిట్లో నిలబడ్డాను. పిడుగు పడింది. నా అక్రోటు చెట్టు మీద పడింది.

స్మిల్య కిటికీలోంచి చూసి, "ఇలియాకి చూపు తగ్గినట్టుంది వితో" అంది. పండగనాడు నిలబడి కాళ్ళు లాగినవాణ్ణి నేను. పిడుగు కూడా నాకే.

6. సెప్టెంబరు మొదటి వానకు నా గట్టు కారి, సందులోకి మోకాలి దిగువ దాకా బురద వచ్చింది. జార్కో గట్టు కింద నిలిచిన నీళ్ళలో ఆకాశం కనపడింది. ఇంజనీరమ్మ వచ్చి చూసింది. సందులోంచి రెండు గాజు గ్లాసుల్లో నా బురదనీళ్ళు ముంచింది. ఒక దాంట్లో చిటికెడు పొడి వేసి కలిపింది. పాలు విరిగినట్టు మట్టి ఉండలు కట్టి అడుక్కి దిగిపోయింది, పైన తేటనీళ్ళు మిగిలాయి. రెండో గ్లాసు అలాగే మురికిగా ఉంది. రేణువులు ఒంటరిగా ఉంటే వాన ఎత్తుకుపోతుందట. ఈ మందు వాటిని ఒకదాన్నొకటి పట్టుకునేట్టు చేస్తుందట. గట్టు మీద జరిగేదీ అదేనట. అయితే ఇది పైపొరనే పట్టుకుంటుంది, కొండమీంచి వరదగా వచ్చే నీళ్ళకు పైన కాలువ ఉండాల్సిందే, అందుకే జార్కో వైపు పైన కాలువ తవ్వించామని కూడా చెప్పింది.

అందరూ తల ఊపారు. స్మిల్య మాత్రం, ఈ పొడి మా వితో వైన్‌లో వేయొచ్చా అమ్మా, అని అడిగింది. అందరూ నవ్వారు. జార్కో నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. 'వితో వైన్ మబ్బుగా ఉన్నా రుచి ఉంటుంది' అని నన్ను వెనకేసుకొచ్చాడు. అయ్యా, అతని వైన్ ఏ పొడీ వేయకుండానే తేరుతుంది. గ్లాసు ఇవతల నుంచి చూస్తే అవతలి మనిషి మీసం వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. ఒకే కొండ, ఒకే ఎండ, తీగలు కూడా ఒకే చోట కొన్నాం. అతనిది తేరుతుంది, నాది తేరదు. అతను వెనకేసుకొచ్చిన ఆ మాట నా గుండెలో ముల్లులా ఉంది.

మరి నా గట్టుకి కూడా ఇప్పుడు కొట్టమని ఇంజనీరమ్మని అడిగాను. అడగడానికి నాకు ఎంత కష్టమైందో రాయను. "మీరు వద్దని రాసిచ్చారు కదా బాబాయ్. ఇక తనిఖీ ఆఫీసు ఉత్తర్వు ఉంటేగానీ ట్యాంకరు పంపరు" అంది. ఇలా నేను తమ కిటికీకి వచ్చాను.

7. జార్కో తన గట్టు కింద ఒక బల్ల వేసుకున్నాడు. పొద్దున్నే దాని మీద కూర్చుని, గడ్డిని చూస్తూ కాఫీ తాగుతాడు. విడిది ఇళ్ళు చూడటానికి పట్నం నుంచి వచ్చేవాళ్ళు ఆ గట్టుకు ఫోటోలు తీస్తారు. ఫోటోలో నా వైపు రాకుండా పక్కకు జరుగుతారు. ఇవన్నీ సహించవచ్చు. కానీ నన్ను చూసినప్పుడల్లా అతను, "కాఫీకి రా కూమే" అని పిలుస్తాడు. రోజూ పిలుస్తాడు. నేను రోజూ వెళ్ళను. ఇంతవరకూ ఒక్క పొద్దయినా పిలవడం మరిచిపోలేదు. దీన్ని వేధింపు కింద పరిగణించవచ్చునా అన్నది తమరు విచారించవలెను.

కావున అయ్యా, పై కారణాల చేత ప్రార్థించునది:

(అ) నా కొట్టు తలుపు పైన అక్రమముగా పూసిన ఆకుపచ్చ చారికను జార్కో లాలిచ్ తన సొంత చేతులతో గీకి తీసివేయునట్లు ఉత్తర్వు చేయవలెను.

(ఆ) పండుగనాడు చేసిన పని చెల్లదు గనక, అతని గట్టు మీది మందు కూడా తీసివేయించవలెను. అప్పుడు ఇద్దరం సమానంగా కారుతాం.

(ఇ) (ఆ) సాధ్యం కానిచో, నా గట్టుకు కూడా మందు కొట్టించవలెను.

(ఆ) ముందు రాసి (ఇ) తరవాత రాయడంలో వేరే ఉద్దేశమేమీ లేదు. అక్షరాల వరుస అంతే.

ఈ పేదవాడి మొరను దయతో చిత్తగించవలెను. వాన తమ సంతకం కోసం ఆగదు గనక త్వరగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎవరి మీదా అసూయ లేనివాడు,
వితోమిర్ ప్రోలిచ్

జత: రుజువు మట్టి, ఒక సీసా.

తా.క.

గురువారం.

కోసర గారు ఈ కాగితాన్ని సోమవారంనాటి నా అర్జీకి గుండుసూదితో గుచ్చి, సారు దీన్నే ముందు చదివేలా పైన పెట్టగలరు.

అయ్యా,

మంగళవారం మధ్యాహ్నం నుంచి వాన పట్టుకున్న సంగతి తమకు తెలుసు. బుధవారం పొద్దున నా గట్టు దిగింది. మోత ఏమీ లేదు. కిటికీలోంచి చూస్తుంటే కొండ పాలు పొంగినట్టు మెల్లగా కిందికి వచ్చింది. కుడివైపు మొత్తం పెరట్లోకి వచ్చింది, ఎడమవైపు మొత్తం సందులోకి పోయింది. కోళ్ళగూడు కనపడలేదు. కోళ్ళు ఇంటి కప్పెక్కి బతికాయి. నేను కొట్టు వైపు చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు. ఏడాది కష్టం దాంట్లో ఉంది. స్మిల్య చూసింది.

"వితో, తలుపు ఉంది" అంది.

అప్పుడు చూశాను. రెండు పక్కలా గట్టు లేదు. మధ్యలో ఆ ఆకుపచ్చ చారిక ఉంది. నేను గీకించమని తమకు మొర పెట్టుకున్న చారిక, బండి వెడల్పుది, గడ్డితో సహా అక్కడే నిలబడి ఉంది. దాని కింద నా కొట్టు తలుపు ఉంది.

ఒక్కచోట మాత్రం తెగింది. తలుపు ఎడమ మూల పైన, రుజువు కోసం నేను పారతో గీకిన చోట. నీళ్ళు సరిగ్గా అక్కడ నోరు తెరుచుకుని లోపలికి వస్తున్నాయి. నేను బకెట్టు పట్టుకుని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి జార్కో అక్కడే ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. మోకాళ్ళదాకా బురదలో నిలబడి, తన కాఫీ బల్లను పలకలుగా ఊడదీసి ఆ కన్నానికి అడ్డం పెడుతున్నాడు. నేను సంచుల్లో మట్టి నింపి ఇచ్చాను. ఒక పీపా దొర్లి పగిలింది, మిగతావి దక్కాయి. దక్కినవాటిని కదిలించకూడదని తెలిసినా, దుంగల మీద నెమ్మదిగా దొర్లించి అతని కొట్టులోకి చేర్చాం. అతని తేట వైన్ పక్కన నా మబ్బు వైన్ ఇప్పుడు కూర్చుని ఉంది.

పని అయ్యాక ఇద్దరం నా కొట్టు గడప మీద కూర్చున్నాం. నేనే అడిగాను, ఆ రోజు గాలి లేదు కదా జార్కో అని.

"లేదు" అన్నాడు.

మరి ఎందుకు కొట్టావన్నాను. చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు, శుభ్రం కాలేదు.

"నీ తలుపు పైన బోడిగా ఉంటే మొదటి పెద్ద వానకే పోతుందని ఇంజనీరమ్మ అంది. నువ్వు వద్దన్నావు. నీ పునీతుడితో నీకు గొడవ ఎందుకని నేనే కొట్టాను. పిడుగేదో నా మీదే పడేది."

మరి మొత్తం గట్టుకి కొట్టొచ్చు కదా, ఆ కాస్తే ఎందుకు కొట్టావని అడిగాను. అయ్యా, చూడండి, అప్పుడు కూడా నా నోటికి అదే వచ్చింది.

"గొట్టం అక్కడికే అందింది కూమే" అన్నాడు.

వెనక్కి వంగి, మునివేళ్ళ మీద లేచి అతను కొట్టిన వైనం నాకప్పుడు గుర్తొచ్చింది. నేను కిటికీలోంచి చూసి వెక్కిరింపు అనుకున్నాను. మరి చెప్పలేదేం అని అడిగాను. చెబితే గీకి పారేసేవాడివి అన్నాడు. నేను మూల మీది కన్నం వంక చూశాను. అతనూ చూశాడు. అది ఎలా పడిందని అడగలేదు. తమకు అర్జీ పెట్టిన సంగతి అతనికి తెలుసో తెలియదో నాకు తెలియదు. మా ఊరు చిన్నది, కోసర గారి అక్క మా సందులోనే ఉంటుంది గనక తెలిసే ఉంటుంది.

దీనితో నా అసూయ తగ్గిందని తమరు అనుకోవద్దు. పెరిగింది. ఇంతకుముందు గట్టూ వైనూ మాత్రమే అతనివి మంచివి. ఇప్పుడు మనసు కూడా అతనిదే పెద్దదని తేలింది. అన్నీ ఒక్కడికే ఇస్తే పక్కింటివాడు ఎలా బతకాలో ఇలియా చెప్పాలి, లేకపోతే నికోలా చెప్పాలి. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే స్మిల్యతో అన్నాను. "నీకు కూమ్‌ని ఇచ్చారు కదా, ఇంకేం కావాలి" అంది. సూప్ తాగాను.

కావున సోమవారంనాటి నా అర్జీలో ఈ దిగువ మార్పులు చేయ ప్రార్థన.

అంశం 3 పూర్తిగా కొట్టివేయవలెను. అంశం 7లో వేధింపు అన్న మాట కొట్టివేయవలెను. ఆ బల్ల ఇప్పుడు లేదు, దాని పలకలు నా గట్టులో ఉన్నాయి, అతనికి కొత్త బల్ల నేను చేసి ఇస్తాను. కోళ్ళ సంగతి తమ ఇష్టం. ప్రార్థనలలో (అ), (ఆ) రెండూ రద్దు. (ఇ) ఒక్కటే మిగిలింది. దాన్ని ఇలా చదువుకోవలెను: కూలిన గట్టును కట్టడంవారు సరిచేసి, పైన కాలువ నా వైపుకి కూడా పొడిగించి, తెరిపి దొరికిన మొదటి ఎండకే మందు కొట్టించవలెను. ఏ రోజయినా సరే. వచ్చే వారం పునీత పెట్క పండుగ. ఆ రోజు కుదిరితే ఆ రోజే రమ్మనండి. పెట్క స్మిల్య వాళ్ళ పుట్టింటి పునీతురాలు, ఆవిడకు తను సర్ది చెప్పుకుంటానంది. గొట్టం జార్కో పట్టుకుంటాడు. ఈసారి పొడుగుది పంపమని చెప్పండి.

ఒక్క చిన్న కోరిక. ఆకుపచ్చ రంగు కలిపేటప్పుడు, వీలైతే, అతని గట్టు కంటే నా గట్టుకి ఒక్క పిసరు ఎక్కువ కలపమనండి. ఎవరికీ తెలియనక్కర్లేదు.

సంతకం పైన రాసుకున్న 'ఎవరి మీదా అసూయ లేనివాడు' అన్న మాట కూడా కొట్టివేయవలెను. విధేయుణ్ణి మాత్రం అవును.

చివరగా, రుజువు కింద ఇచ్చిన సీసా. అది స్మిల్య ఆప్రికాట్ జాం సీసా, అడుగుతోంది. కానీ సీసా కోసం కాదు నేను అడిగేది. దాంట్లో ఉన్నది గుప్పెడు మట్టి, నాలుగు గడ్డి వేళ్ళు. పారేయవద్దని కోసర గారికి చెప్పండి. కిటికీలో కాస్త ఎండ తగిలే చోట పెట్టి, ఇవాళ రెండు చుక్కలు నీళ్ళు పోయించండి. రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే వచ్చి పట్టుకుపోతాను. తలుపు ఎడమ మూలలో దాని చోటు అలాగే ఉంది.

వి. ప్రోలిచ్